గొప్ప ఉపాధ్యాయుల లక్షణాలను మీ బోధనలో అలవాటు చేసుకోవడం ఎలా?

గొప్ప ఉపాధ్యాయులంటే ఎలా ఉంటారని ఎవరిని అడిగినా ఓర్పు, వాత్సల్యం, విషయ పరిజ్ఞానం, చక్కగా మాట్లాడే నేర్పు అన్న సమాధానాలే వస్తాయి. అవి అబద్ధాలేమీ కావు గాని, రేపు ఉదయం తరగతి గదిలో అడుగుపెట్టబోయే ఉపాధ్యాయుడికి వాటివల్ల ఒనగూరే ప్రయోజనం తక్కువ. ఓర్పుగా ఉండమన్న సలహా విని ఎవరికీ ఓర్పు రాదు. విద్యార్థి తప్పు చెప్పినప్పుడు ఏ ప్రశ్న అడగాలో, అడిగాక ఎంతసేపు ఆగాలో తెలిస్తే మాత్రం ఆ ఓర్పు పనిలో తనంతట తానే కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ లక్షణాలను పొగడదగిన గుణాలుగా కాక, సాధన చేయదగిన పనులుగా, మీరు ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెట్టగలిగే క్రమంలో వివరిస్తున్నాను.

ఈ పనులన్నింటి వెనుకా ఉన్నది ఒకే చూపు. సాధారణంగా పీరియడ్ ముగిశాక మనం "ఈరోజు నేనేం చెప్పాను?" అని చూసుకుంటాం. గొప్ప ఉపాధ్యాయులు "ఈరోజు వాళ్లకేం అర్థమైంది, అర్థమైందని నాకెలా తెలిసింది?" అని చూసుకుంటారు. ఆ రెండో ప్రశ్నకు నమ్మదగిన జవాబు సంపాదించుకోవడమే ఇక్కడ చెప్పబోయే ప్రతి పనికీ లక్ష్యం. ఏ సబ్జెక్టు చెప్పేవారికైనా, ఏ వయసువారికి చెప్పేవారికైనా ఇవి వర్తిస్తాయి. ఉదాహరణలు లెక్కల నుంచి, సైన్సు నుంచి తీసుకున్నది అక్కడ తప్పు ఎక్కడ జరిగిందో తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టే.

మొదటి పని: పాఠాన్ని విద్యార్థి వైపు నుంచి సిద్ధం చేసుకోండి

విషయ పరిజ్ఞానం లేకుండా ఎవరూ గొప్ప ఉపాధ్యాయులు కాలేరు. అయితే అదొక్కటే చాలదని కూడా మనకు తెలుసు, ఎందుకంటే తమ విషయంలో ఉద్దండులై ఉండి కూడా ఎదుటివారికి ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పలేనివారిని ఎక్కడో ఒకచోట చూసే ఉంటాం. అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఈ తేడాను స్పష్టంగా ముందు పెట్టారు. విషయం తెలిసి ఉండటం వేరు, ఆ విషయం నేర్చుకునేవారు ఎక్కడ తడబడతారో, ఏ ఉదాహరణతో దారిలో పడతారో, ఏ క్రమంలో చెబితే సులువవుతుందో తెలిసి ఉండటం వేరని, ఈ రెండో రకం జ్ఞానమే ఉపాధ్యాయ వృత్తికి ప్రత్యేకమైనదని ఆయన వాదించారు.

బాగా తెలిసినవారికి తెలియనివారి ఇబ్బంది కనిపించకపోవడం మనుషులందరిలోనూ ఉన్న బలహీనతే. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ఒక ప్రయోగంలో కొందరు అందరికీ తెలిసిన పాటల వరుసను బల్ల మీద వేళ్లతో తట్టాలి, ఎదుట కూర్చున్నవారు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా గుర్తుపడతారని తట్టినవారు అంచనా వేశారు. తీరా చూస్తే 120 పాటల్లో విన్నవారు గుర్తించినవి 3 మాత్రమే. తట్టేవారి మనసులో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవారికి అందేది ఉత్త చప్పుడు. బోర్డు ముందు నిలబడినవారికీ బెంచీల మీద కూర్చున్నవారికీ మధ్య తరచూ జరిగేది సరిగ్గా ఇదే.

దీన్ని దాటడానికి, పాఠం చెప్పడానికి ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. మొదటిది, ఈ పీరియడ్ ముగిసేసరికి ప్రతి విద్యార్థికీ అర్థమై తీరవలసిన ఒకే ఒక్క అంశం, అదీ పూర్తి వాక్యంగా. "భిన్నాల కూడిక" అని రాస్తే అది శీర్షిక అవుతుంది గాని అంశం కాదు. "హారాలు వేరైతే ముక్కల పరిమాణం వేరు కాబట్టి వాటిని ఉన్నవి ఉన్నట్టుగా కూడలేం" అని రాస్తే అది అంశం. రెండోది, ఈ అంశం గురించి విద్యార్థులు అప్పటికే మనసులో పెట్టుకుని వచ్చే పొరపాటు అభిప్రాయాలు. మూడోది, అర్థమైనవారెవరో కానివారెవరో బయటపెట్టే ఒక ప్రశ్న.

వీటిలో రెండోది రాయడమే కష్టం, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ అదే. విద్యుత్తు పాఠానికి వచ్చే పిల్లల్లో చాలామంది బల్బు వెలగడానికి కరెంటు "ఖర్చయిపోతుంది" కాబట్టి బల్బు దాటాక తీగలో తక్కువ కరెంటు ఉంటుందనుకుంటారు. మొక్క బరువంతా నేలలోంచే వస్తుందనుకుంటారు. అందులో పెద్ద భాగం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ నుంచి, నీటి నుంచి వస్తుందంటే నమ్మబుద్ధి కాదు. భూమి సూర్యుడికి దగ్గరగా జరిగినప్పుడు ఎండాకాలం వస్తుందని పెద్దలు కూడా అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అన్నింటికన్నా దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. ఉత్తరార్ధగోళంలో అది చలికాలం. ఈ వాస్తవాన్ని పాఠం మొదట్లోనే చెప్పి "మరి ఇదెలా కుదురుతుంది?" అని అడిగితే, భూమి అక్షం వంపు గురించిన వివరణ కోసం విద్యార్థి తానే ఎదురుచూస్తాడు. పాత అభిప్రాయాన్ని కదిలించకుండా సరైన వివరణను దాని పక్కన పేర్చి వదిలేస్తే, పరీక్షలో సరైనది రాసి, బయటకు వచ్చాక పాతదాన్నే నమ్ముతూ ఉండిపోతారు.

పిల్లలు చేసిన తప్పులను, వారు చెప్పిన కారణాలతో సహా, పాఠాల వారీగా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. ఏడాది తిరిగి అదే పాఠం దగ్గరికి వచ్చేసరికి ఏ మార్గదర్శకంలోనూ దొరకని సమాచారం మీ చేతిలో ఉంటుంది.

రెండో పని: తప్పు జవాబు దగ్గర ఆగండి

మంచి ఉపాధ్యాయులకూ గొప్ప ఉపాధ్యాయులకూ ఉన్న తేడా అన్నింటికన్నా స్పష్టంగా కనిపించేది తప్పు జవాబు వచ్చిన క్షణంలోనే అని నా అభిప్రాయం. చాలా తరగతుల్లో ఆ క్షణంలో "కాదు, ఇంకెవరు చెబుతారు?" అన్న మాట వినిపిస్తుంది, సరైన జవాబు దొరికేవరకూ ప్రశ్న ఒకరి నుంచి ఒకరికి తిరుగుతుంది, దొరకగానే పాఠం ముందుకు సాగిపోతుంది. మొదట తప్పు చెప్పిన పిల్లవాడికి తన జవాబు తప్పని తెలుస్తుంది గాని, ఎందుకు తప్పో తెలియదు. పిల్లలు చేసే తప్పుల్లో చాలావాటికి అజాగ్రత్త కారణం కాదు. మరోచోట బాగా పనిచేసిన ఒక నియమాన్ని, అది చెల్లని చోటికి తెచ్చి నిజాయితీగా వాడటం కారణం. ఆ నియమమేదో మనకు తెలియనంతవరకూ దిద్దుబాటు పైపైనే ఉండిపోతుంది.

ఒక చిన్న ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 0.45, 0.5 ఈ రెండింటిలో ఏది పెద్దదని అడిగారనుకోండి. ఒక విద్యార్థి 0.45 అంటాడు. ఎలా అనుకున్నావని అడిగితే, 5 కన్నా 45 పెద్దది కదా అంటాడు. పూర్ణసంఖ్యల్లో ఇన్నాళ్లూ తనకు తోడుగా ఉన్న నియమాన్నే అతడు దశాంశ బిందువుకు కుడివైపున కూడా వాడాడు. పక్కనే కూర్చున్న అమ్మాయి 0.5 అంటుంది. జవాబు సరైనదే కాబట్టి మెచ్చుకుని ముందుకు వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి. 0.3, 0.45లలో ఏది పెద్దదని ఆమెను అడిగి చూడండి. ఒకవేళ 0.3 అని చెప్పిందంటే, పదో వంతు నూరో వంతు కన్నా పెద్దది కాబట్టి బిందువు తర్వాత అంకెలు తక్కువగా ఉన్న సంఖ్యే ఎప్పుడూ పెద్దదని ఆమె నమ్ముతోందన్నమాట. మొదటి ప్రశ్నకు ఆమె సరైన జవాబు తప్పు నియమం నుంచి పుట్టింది. ఈ రెండు రకాల ఆలోచనలనూ ఆస్ట్రేలియా పరిశోధకులు కేయ్ స్టేసీ, విక్కీ స్టైన్లే విస్తృతంగా నమోదు చేశారు. ఒకే ప్రశ్న వేసి ఆగిపోయే ఉపాధ్యాయుడికి ఆ అమ్మాయికి ఈ పాఠం అర్థం కాలేదన్న సంగతి సంవత్సరాంతం వరకూ తెలియకపోవచ్చు.

ఇద్దరికీ ఒకే వివరణ పనికిరాదు. నూరు చిన్న గళ్లున్న ఒక చతురస్రం గీసి, 0.5 అంటే 50 గళ్లు, 0.45 అంటే 45 గళ్లు అని రంగు వేయించడం అబ్బాయికి సరిపోతుంది. అతడికి అర్థం కావలసింది ఆ 5 పదో వంతుల 5 అన్న సంగతి. అమ్మాయికి ముక్క పరిమాణం ఇప్పటికే తెలుసు. ఎన్ని ముక్కలున్నాయన్నది కూడా లెక్కలోకి వస్తుందని ఆమె చూడాలి, అందుకు 0.3 అంటే 30 గళ్లు, 0.45 అంటే 45 గళ్లు అని పక్కపక్కన పెట్టించాలి. చిన్న సంగతే గాని చెప్పదగినది: 0.45ను "సున్నా పాయింట్ నలభై అయిదు" అని చదవడం మొదటి పొరపాటును బలపరుస్తుంది, "సున్నా పాయింట్ నాలుగు అయిదు" అని చదివించండి.

ఇక ఆచరణలో మూడు జాగ్రత్తలు తీసుకోండి. "ఎలా అనుకున్నావు?" అన్న ప్రశ్నను సరైన జవాబులకు కూడా అడగండి, తప్పు జవాబులకే అడిగితే ఆ ప్రశ్న వినగానే పిల్లలు జవాబు మార్చేస్తారు తప్ప కారణం చెప్పరు. రెండోది, తప్పు చెప్పిన విద్యార్థి నియమాన్ని మీరు కొట్టిపారేయకుండా, ఆ నియమమే అసంబద్ధమైన ఫలితం ఇచ్చే సందర్భాన్ని ముందు పెట్టి, దాని లోపాన్ని అతడే కనిపెట్టేలా చేయండి. మూడోది, ఆ పీరియడ్ ముగిసేలోగా అదే విద్యార్థి దగ్గరికి మరో ప్రశ్నతో తిరిగి వెళ్లండి. తప్పు చెప్పినవారిని చూసి తోటివారు నవ్వితే అక్కడికక్కడే, గట్టిగా ఆపండి. ఒక్కసారి నవ్వుల పాలైన పిల్లవాడు తన ఆలోచనను మళ్లీ బయటపెట్టడు, అది బయటపడకపోతే పైన చెప్పినదేదీ చేయలేం.

మూడో పని: ప్రశ్న అడిగాక మౌనంగా ఉండండి

అమెరికాలో సైన్సు తరగతుల రికార్డింగులను ఏళ్ల తరబడి పరిశీలించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగే సమయం సగటున ఒక సెకను మాత్రమేనని 1970లలో చూపారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, తెలియదనేవారు తగ్గారు, అడగకుండానే మాట్లాడేవారు, కారణాలు చెప్పేవారు పెరిగారు. ఆమె గమనించిన మరో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: బాగా చదువుతారనుకున్న పిల్లల కోసం ఉపాధ్యాయులు ఎక్కువసేపు, వెనకబడ్డారనుకున్న పిల్లల కోసం తక్కువసేపు ఆగారు. ఎవరికి ఆలోచించడానికి ఎక్కువ వ్యవధి అవసరమో వారికే అది తక్కువగా దక్కింది.

మూడు సెకన్లు వినడానికి తక్కువే గాని, నలభై మంది ముందు నిలబడి మౌనంగా ఉన్నప్పుడు అవి ఎంతకీ గడవవు. అందుకే మొదట్లో మనసులో అంకెలు లెక్కపెట్టండి. విరామం రెండు చోట్ల అవసరం: మీ ప్రశ్నకూ విద్యార్థి జవాబుకూ మధ్య ఒకటి, విద్యార్థి జవాబుకూ మీ స్పందనకూ మధ్య మరొకటి. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. విద్యార్థి ఒక వాక్యం చెప్పి ఆగినప్పుడు మీరు వెంటనే అందుకోకపోతే, చాలాసార్లు అసలైన ఆలోచన రెండో వాక్యంలో వస్తుంది.

పేరు ముందు పిలిచి తర్వాత ప్రశ్న అడిగితే మిగిలినవారంతా ఊపిరి పీల్చుకుంటారు. ప్రశ్న ముందు అడిగి, ఆగి, ఆ తర్వాత పేరు పిలవండి. చేతులెత్తినవారినే అడుగుతూ పోతే తరగతిలో ఐదారుగురితోనే పాఠం నడుస్తుంది కాబట్టి, పీరియడ్‌కు ఒక్కసారైనా అందరూ పలక మీదో కాగితం మీదో జవాబు రాసి ఒకేసారి పైకెత్తి చూపేలా చేయండి.

ఇక "అర్థమైందా?" అన్న ప్రశ్నను పూర్తిగా మానేయమని నా సలహా. ఆ ప్రశ్నకు తలలూపడం మర్యాద అని పిల్లలకు తెలుసు, ఆ తలలూపడంలో మనకు తెలిసేది ఏమీ లేదు. దాని బదులు "ఇప్పుడు చెప్పినదాన్ని నిన్న బడికి రాని నీ స్నేహితుడికి ఎలా చెబుతావు?" అనో, "ఇందులో ఏ మెట్టు దగ్గర ఎక్కువమంది పొరపడతారనుకుంటున్నారు?" అనో అడగండి. రెండో ప్రశ్నలో ఒక సౌలభ్యం ఉంది: తన సందేహాన్ని తనదని ఒప్పుకోకుండానే విద్యార్థి బయటపెట్టగలుగుతాడు.

నాలుగో పని: పట్టేంతే చెప్పండి

మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగే కొత్త విషయాలు బహు కొద్ది. నెల్సన్ కోవన్ 2001లో వేసిన అంచనా ప్రకారం అవి నాలుగు అంశాలకు అటూ ఇటూ మాత్రమే. ఉపాధ్యాయుడికి ఒకే మెట్టుగా తోచేది కొత్తగా నేర్చుకునేవారికి ఐదు మెట్లు కావచ్చు. రెండో మెట్టు దగ్గర నిండిపోయిన మనసుకు ఐదోది చేరదు. కాబట్టి ఒక లెక్క చేసి చూపేటప్పుడు ప్రతి మెట్టునూ బోర్డు మీద ఉంచండి, చెరిపేసి పైన రాయకండి. తెర మీద వాక్యాలు చూపిస్తూ వాటికి భిన్నమైన మాటలు మాట్లాడకండి, పిల్లలు చదవనూ లేరు, విననూ లేరు.

కొత్త విషయం చెప్పిన వెంటనే పది లెక్కలు ఇచ్చి చేయమనడం కన్నా, పూర్తిగా చేసిన లెక్కలను ముందు చదివించడం మేలు. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో, చేసి చూపిన లెక్కలను అధ్యయనం చేసినవారు తర్వాత అలాంటి లెక్కలను తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేయగలిగారు. దీన్ని ఇలా ఆచరించండి: ఒక లెక్క మొత్తం చేసి చూపండి, రెండోదానిలో చివరి మెట్టు వదిలేయండి, మూడోదానిలో చివరి రెండు మెట్లు వదిలేయండి, నాలుగోది వారికే ఇవ్వండి. విషయం పట్టుబడిన విద్యార్థులకు ఈ ఊతం అక్కర్లేదు, వారికి నేరుగా కష్టమైన లెక్కలు ఇవ్వాలి.

ఇలా చెబుతూ పోతే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందన్న ఆందోళన సహజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే పాఠాలన్నీ పూర్తయినట్టు రిజిస్టరులో రాసుకుని, ఆ తర్వాత రెండు నెలలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకొస్తున్న తరగతులెన్నో ఉన్నాయి. ఆ రెండు నెలలను ముందుగానే ఖర్చు పెట్టడం మంచిది.

ఐదో పని: మరిచిపోతారని ముందే అనుకోండి

"మొన్ననే చెప్పాను కదా" అన్న విసుగు ప్రతి ఉపాధ్యాయుడికీ అనుభవమే. నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లో, రోజుల్లోనే వేగంగా చెదిరిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ప్రకటించారు. అది పిల్లల నిర్లక్ష్యం కాదు, జ్ఞాపకశక్తి స్వభావం. దానికి విరుగుడు మళ్లీ చెప్పడం కాదు, మళ్లీ అడగడం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ జరిపిన ప్రయోగంలో ఒక గద్యభాగాన్ని మళ్లీ చదువుకున్నవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవారు ముందున్నారు.

కాబట్టి ప్రతి పీరియడ్ మొదటి ఐదు నిమిషాలను మూడు ప్రశ్నలకు కేటాయించండి: ఒకటి నిన్నటి పాఠం నుంచి, ఒకటి పోయిన వారం నుంచి, ఒకటి పోయిన నెల నుంచి. పుస్తకాలు మూసి, ఎవరికి వారు రాయాలి. వీటికి మార్కులు వేయకండి. మార్కులు ఉన్నాయంటే పక్కవారి కాగితంలోకి చూడటం మొదలవుతుంది, గుర్తుచేసుకునే శ్రమ ఆగిపోతుంది.

ఆరో పని: దిద్దిన కాగితం విద్యార్థితో మాట్లాడేలా చేయండి

రాత్రి వేళ కట్టలు కట్టలుగా పేపర్లు దిద్దే ఉపాధ్యాయుల శ్రమలో ఎంత భాగం విద్యార్థికి చేరుతోందో ఒకసారి ఆలోచించండి. పేపర్ చేతికి రాగానే కళ్లు మార్కుల మీదికి వెళతాయి, ఆ తర్వాత పక్కవారి మార్కుల మీదికి వెళతాయి, మనం రాసిన మాటలు అలాగే ఉండిపోతాయి. ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ఐదు, ఆరు తరగతుల పిల్లలపై చేసిన అధ్యయనం దీన్ని నిర్ధారించింది. కేవలం వ్యాఖ్యలు అందుకున్న పిల్లల పని మెరుగుపడింది, ఆసక్తీ నిలిచింది. మార్కులు మాత్రమే అందుకున్నవారిలో ఆ మెరుగుదల లేదు. రెండూ కలిపి అందుకున్నవారిలో కూడా లేదు. పక్కన మార్కు కనిపించగానే వ్యాఖ్య బలం పోయింది.

మార్కులు తప్పనిసరి అయిన చోట వాటిని ఒక రోజు ఆలస్యంగా ఇవ్వండి. మొదటి రోజు వ్యాఖ్యలున్న కాగితం మాత్రమే ఇచ్చి, సరిచేసుకోవడానికి తరగతిలోనే పది నిమిషాలు కేటాయించండి. "బాగుంది", "ఇంకా శ్రద్ధ అవసరం" వంటి మాటలతో విద్యార్థి చేయగలిగింది ఏమీ లేదు. "నీ మూడో పేరాలో కారణం చెప్పావు గాని దానికి ఉదాహరణ లేదు, ఒకటి చేర్చి మళ్లీ రాయి" అంటే ఏం చేయాలో తెలుస్తుంది. నలభై కాగితాల్లోనూ ఒకే తప్పు కనిపిస్తే నలభై సార్లు రాయకండి. అది మీరు మళ్లీ చెప్పవలసిన పాఠం.

ఏడో పని: మీ ఆశ ఎవరెవరికి అందుతోందో చూసుకోండి

పిల్లలందరినీ సమానంగా చూస్తున్నామని ప్రతి ఉపాధ్యాయుడూ నమ్ముతాడు, ఆ నమ్మకంలో కపటమేమీ లేదు. అయినా తేడా చిన్న చిన్న పనుల్లో జరిగిపోతుంది: ఒకరికి కష్టమైన ప్రశ్న, మరొకరికి అవును కాదు అని చెప్పగలిగే ప్రశ్న, ఒకరి జవాబుకు కొనసాగింపు ప్రశ్న, మరొకరికి "సరే, కూర్చో". రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్‌సన్ 1968లో ప్రచురించిన అధ్యయనం ఉపాధ్యాయుల అంచనాలే పిల్లల ఫలితాలను మారుస్తాయని వాదించింది. ఆ ప్రభావం ఎంత బలమైనదన్న దానిపై తర్వాత చాలా చర్చ జరిగింది. ఆ చర్చ ఎటు తేలినా, ప్రశ్న అడగబడని పిల్లవాడికి ఆలోచించే అవకాశం దక్కదన్న మాటకు ప్రయోగం అవసరం లేదు.

తరగతి సీట్ల పటం ఒకటి గీసుకుని, వారం పాటు మీరు ఎవరిని ప్రశ్న అడిగితే వారి పేరు దగ్గర ఒక గీత పెట్టండి, కొనసాగింపు ప్రశ్న అడిగితే రెండో గీత పెట్టండి. వారాంతంలో ఆ పటంలో ఖాళీగా మిగిలిన పేర్లే తర్వాతి వారానికి మీ పని.

మెచ్చుకునేటప్పుడు తెలివితేటలను కాక, చేసిన పనిని పేర్కొనండి. క్లాడియా మ్యుల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవాడివని పొగడ్త అందుకున్న పిల్లలు తర్వాత కష్టమైన ప్రశ్నల్లో విఫలమైనప్పుడు త్వరగా వదిలేశారు. బాగా శ్రమించావని మెచ్చుకోలు అందుకున్నవారు ప్రయత్నం కొనసాగించారు. అయితే శ్రమించని చోట శ్రమించావని అనడం పిల్లలు ఇట్టే పసిగడతారు. "రెండో పద్ధతి కుదరనప్పుడు నువ్వు బొమ్మ గీసి చూశావు, దాంతోనే దారి దొరికింది" అన్నట్టు, మీరు నిజంగా చూసినదాన్నే చెప్పండి.

క్రమశిక్షణ గురించి ఇక్కడే రెండు మాటలు. జేకబ్ కౌనిన్ 1970లో వెలువరించిన పరిశోధనలో, అల్లరి జరిగాక ఎలా మందలించారన్న దానిలో సమర్థులైన ఉపాధ్యాయులకూ ఇతరులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా అంతా అల్లరి మొదలు కాకముందే ఉంది: గది నలుమూలలా ఏం జరుగుతోందో వారికి తెలుసన్న సంగతి పిల్లలకు తెలుసు, ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు తడబాటు ఉండదు. అందుకే బోర్డు మీద రాసేటప్పుడు పూర్తిగా వెనక్కి తిరగకుండా పక్కకు నిలబడటం, ఒకరితో మాట్లాడుతూనే గదంతా ఒకసారి చూడటం, కాగితాలు పంచే ముందే ఏం చేయాలో చెప్పడం అలవాటు చేసుకోండి.

ఎనిమిదో పని: మీ తరగతిని మరొకరి కళ్లతో చూడండి

ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, ఒకే పద్ధతిని తిరిగి చూసుకోకుండా కొనసాగిస్తే బోధన మెరుగుపడదు. తేలికైన మొదటి మెట్టు, నెలకు ఒక పీరియడ్‌ను ఫోన్‌లో ఆడియో రికార్డు చేసి ఒంటరిగా వినడం. మీరు మాట్లాడిన సమయమెంత, విద్యార్థులు మాట్లాడిన సమయమెంత, ప్రశ్న తర్వాత ఎంతసేపు ఆగారు, ఎన్ని ప్రశ్నలకు మీరే జవాబు చెప్పేశారు అన్న నాలుగు విషయాలు మాత్రమే చూసుకోండి. మీ గొంతు ఎలా ఉందన్నది పట్టించుకోవద్దు.

రెండో మెట్టు సహోద్యోగిని పిలవడం. జపాన్‌లో ఉపాధ్యాయులు ఒక పాఠాన్ని కలిసి రూపొందించి, ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు విద్యార్థులను గమనించి, ఆ తర్వాత కలిసి చర్చించే పద్ధతి ఎంతోకాలంగా ఉంది. అందులో నాకు నచ్చేది, పరిశీలనలో ఉండేది ఉపాధ్యాయుడు కాదు, పాఠం, ఆ పాఠంలో పిల్లల ఆలోచన. అందువల్ల బోధించినవారికి తీర్పు చెప్పించుకుంటున్నట్టు అనిపించదు.

మీరు పిలిచే సహోద్యోగికి "ఎలా ఉందో చూడండి" అని చెప్పకండి, మర్యాదగా బాగుందంటారు, అక్కడితో అయిపోతుంది. ముగ్గురు విద్యార్థులను ముందుగా ఎంచుకుని చెప్పండి: తరచూ జవాబిచ్చేవారు ఒకరు, మధ్యరకంగా ఉండేవారు ఒకరు, ఎప్పుడూ నోరు విప్పనివారు ఒకరు. ప్రతి ఐదు నిమిషాలకూ ఆ ముగ్గురూ ఏం చేస్తున్నారో, నోటుపుస్తకంలో ఏం రాశారో, ఎక్కడ పెన్ను ఆగిందో మాత్రమే రాయమనండి. ఆ రోజే కూర్చుని, మీ పాఠ ప్రణాళికను ఒక పక్కన, ఆ కాగితాన్ని మరో పక్కన పెట్టుకుని, నోరు విప్పని విద్యార్థి దగ్గర నుంచి మొదలుపెట్టి ఇద్దరూ చదవండి. తర్వాతి వారం, ఏ ముగ్గురిని గమనించాలో ముందుగా అడిగి తెలుసుకుని, మీరు వెళ్లి ఆయన తరగతిలో చివరి బెంచీ మీద కూర్చోండి.